ఘానా: మూడు పట్టీల దేశం. చరిత్ర, భూగోళం తెలిసినవాళ్లు రండి

అట్లాసు_పిచ్చి:

అందరికీ నమస్కారం. మన వేదికలో ఈజిప్టు మీద, ఇథియోపియా మీద బోలెడు చర్చ జరిగింది. పశ్చిమ ఆఫ్రికా జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. ఘానాతో మొదలుపెడదామని ఈ థ్రెడ్ తెరిచాను.

ముందు పటం చూద్దాం. దక్షిణాన గినియా సింధుశాఖ, పడమర ఐవరీ కోస్ట్, తూర్పున టోగో, ఉత్తరాన బుర్కినా ఫాసో. వైశాల్యం 2,38,533 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కన్నా కొంచెం తక్కువ. 2021 జనగణనలో జనాభా 3 కోట్ల 8 లక్షలు. రాజధాని అక్రా. దాని పక్కనున్న టెమా మీదుగా సున్నా డిగ్రీల రేఖాంశం వెళ్తుంది.

కింది నుంచి పైకి చూసుకుంటూ పోతే దేశం మూడు పట్టీలుగా కనిపిస్తుంది. సముద్రం ఒడ్డున ఉప్పు మడుగులు, కొబ్బరిచెట్లు, పాత కోటలు. దాని పైన దట్టమైన అడవి. బంగారం, కోకో, కుమాసి నగరం అన్నీ అక్కడే. ఇంకా పైకి వెళ్తే సవన్నా: గడ్డి, షియా చెట్లు, జొన్న, సజ్జ, యామ్ దుంపలు. దక్షిణాన ఏడాదికి రెండు వానాకాలాలు. ఉత్తరాన ఒక్కటే, సుమారుగా మే నుంచి అక్టోబరు దాకా. ఆ తర్వాత సహారా నుంచి దుమ్ము మోసుకుంటూ హర్మటాన్ గాలి దిగుతుంది.

అక్రా సంగతి మరీ విచిత్రం. సముద్రం పక్కనే ఉన్నా ఏడాదికి 800 మిల్లీమీటర్లకు మించి వాన పడదు. అదే తీరంలో పడమటి కొసనున్న ఆక్సిమ్‌లో 2,000 దాటుతుంది. వానగాలి తీరానికి ఎదురుగా రాకుండా దాదాపు పక్కగా సాగిపోవడం, జులై నుంచి సెప్టెంబరు దాకా సముద్రం అడుగు నుంచి చల్లటి నీరు పైకి రావడం ఇందుకు చెప్పే కారణాలు.

నా వాదన ఇదీ. ఘానా చరిత్ర మొత్తం ఈ మూడు పట్టీల మధ్య లావాదేవీ. అడవి సంపద ఇచ్చింది, తీరం దాన్ని ఓడలెక్కించింది, ఉత్తరం మనుషుల్ని ఇచ్చింది. ఒప్పుకోనివాళ్లు ఉంటే చెప్పండి.

గ్రూప్స్_మళ్లీ:

నమస్తే సర్. నాదొక డౌట్. ఉప్పు, బంగారం వ్యాపారం చేసిన పాత ఘానా సామ్రాజ్యం అని పుస్తకంలో చదివాను. ఆ సామ్రాజ్యమే ఇప్పటి దేశమా?

పాతనాణెం:

కాదమ్మా. ఆ సామ్రాజ్యం ఇప్పటి ఘానాకు వాయవ్యంగా వందల కిలోమీటర్ల దూరంలో, నేటి ఆగ్నేయ మౌరిటానియా, పశ్చిమ మాలి ప్రాంతంలో ఉండేది. దాని నగరంగా భావించే కూంబీ సాలే శిథిలాలు మౌరిటానియాలో ఉన్నాయి. ఇప్పటి దేశానికి బ్రిటిష్‌వాళ్ల హయాంలో ‘గోల్డ్ కోస్ట్’ అని పేరు. 1957 మార్చి 6న స్వతంత్రం వచ్చినప్పుడు, తెల్లవాళ్లు రాకముందే ఆఫ్రికాలో పెద్ద రాజ్యాలున్నాయని చాటడానికి ఆ పాత పేరు తీసుకున్నారు.

ఆ తేదీ కూడా ఊరికే పెట్టింది కాదు. 1844 మార్చి 6న తీరప్రాంతపు ఫాంటి జాతి పెద్దలు బ్రిటిష్‌వాళ్ల న్యాయాధికారాన్ని ఒప్పుకుంటూ ‘బాండ్’ అనే ఒప్పందం రాసుకున్నారు. సరిగ్గా అదే తేదీన, 113 ఏళ్ల తర్వాత జెండా మార్చారు.

ఇక అట్లాసు గారి మూడు పట్టీల మాటకు ఒక సవరణ. అడవి బంగారం మొదట్లో తీరానికి పోలేదు, ఉత్తరానికి పోయింది. అకాన్ జాతివాళ్ల అడవుల్లో తీసిన బంగారం బేఘో లాంటి సంత ఊళ్ల మీదుగా నైజర్ నది ఒడ్డు నగరాలకు, అక్కడి నుంచి ఎడారి దాటి మధ్యధరా తీరానికి చేరేది. పోర్చుగీసువాళ్లు 1471లో ఈ తీరానికి వచ్చింది ఆ బంగారాన్ని సముద్రం వైపు తిప్పుకోవడానికే.

1482లో డియోగో ద అజంబూజా ఎల్మినాలో కోట కట్టాడు. చెక్కిన రాళ్లు, కలప పోర్చుగల్ నుంచే ఓడల్లో తెచ్చుకున్నారు. అక్కడి పెద్దను పోర్చుగీసు రాతల్లో కరమాన్సా అన్నారు. ఆయన మర్యాదగానే అడ్డు చెప్పాడు: ఇన్నాళ్లూ వచ్చి పోతున్నట్టే వచ్చి పోండి, స్నేహం అలాగే బాగుంటుంది, ఒకేచోట ఉంటే గొడవలొస్తాయి అని. వాళ్లు వినలేదు. మరునాడే తాపీ పనివాళ్లు అక్కడివాళ్లు కొలిచే బండను పగలగొట్టబోతే కొట్లాట జరిగింది. ఐదొందల ఏళ్ల చరిత్ర ఎలా ఉండబోతోందో ఆయనకు ఆ రోజే అర్థమైనట్టుంది.

భీమిలి_బీచ్:

మంచి చర్చ. దీంట్లో మన తీరానికీ నిజమైన సంబంధం ఉంది.

డచ్‌వాళ్లు ఎల్మినా కోటను పోర్చుగీసుల నుంచి 1637లో లాక్కున్నారు. 1872లో బ్రిటిష్‌వాళ్లకు అప్పగించేదాకా, అంటే రెండు వందల ఏళ్లకు పైగా, అక్కడ ఎగిరింది డచ్ జెండాయే. అదే కాలంలో మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం, మా భీమునిపట్నంలో కూడా డచ్ గిడ్డంగులు ఉండేవి. కోరమండల్ తీరంలో నేసిన నూలు గుడ్డ ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలానికి వెళ్లేది. అందులో పశ్చిమ ఆఫ్రికా బేరానికి ప్రత్యేకించిన రకాన్ని ‘గినీ గుడ్డ’ అనేవాళ్లు. అక్కడి నుంచి మళ్లీ ఓడెక్కి గోల్డ్ కోస్ట్‌కు చేరేది. దాన్ని ఇచ్చి బంగారం కొన్నారు, ఏనుగు దంతం కొన్నారు, తర్వాత తర్వాత మనుషుల్ని కొన్నారు.

మన నేతగాళ్లకు ఆ గుడ్డ చివరికి ఎవరి చేతికి పోతుందో, దానికి బదులు ఏమిస్తారో తెలిసే అవకాశమే లేదు. కానీ బానిస వ్యాపారం అట్లాంటిక్‌కు మాత్రమే సంబంధించింది అనుకుంటే లెక్క తప్పుతుంది. భీమిలిలో డచ్ సమాధులు చూసినప్పుడల్లా నాకు ఎల్మినా గుర్తొస్తుంది.

డచ్‌వాళ్ల ఇంకో పని. 1831 నుంచి 1872 వరకు ఎల్మినా చుట్టుపక్కల సుమారు మూడు వేల మందిని సైన్యంలో చేర్చుకుని జావాకు, అంటే ఇప్పటి ఇండోనేసియాకు పంపారు. తిరిగొచ్చినవాళ్లు స్థిరపడిన చోటుకు ఎల్మినాలో జావా హిల్ అనే పేరు ఇప్పటికీ ఉంది.

అక్రా_నుంచి:

చాలా కాలంగా ఇక్కడే ఉద్యోగం. ఎల్మినా, కేప్ కోస్ట్ కోటలు రెండూ చూశాను. పశ్చిమ ఆఫ్రికాలో ఇన్ని యూరప్ కోటలు ఒకే తీరాన ఇంకెక్కడా లేవు. పోర్చుగీసు, డచ్, ఇంగ్లిష్, డేనిష్, స్వీడిష్, చివరికి జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ పాలకులు కూడా ఇక్కడ కట్టారు. వీటన్నిటికీ కలిపి 1979లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

కేప్ కోస్ట్ కోటలో మగవాళ్ల నేలమాళిగలోకి దిగితే పైన గోడలో చిన్న కన్నాలు తప్ప వెలుతురు రాదు. నేల వాలుగా ఉంటుంది, మధ్యలో మురుగు పోవడానికి సన్నటి కాలువ. గైడు ఒక్క నిమిషం టార్చి ఆపేస్తాడు. ఎవరూ మాట్లాడరు. బయటికొచ్చాక అదే గది కప్పు మీద ప్రార్థనా మందిరం ఉండేదని చూపిస్తాడు. కింద మనుషులు గొలుసుల్లో, పైన ఆదివారం ప్రార్థన. ఎల్మినాలో గవర్నరు బాల్కనీ నుంచి కిందికి చూస్తే ఆడవాళ్లను నిలబెట్టిన ఆవరణ.

2009లో ఒబామా కుటుంబంతో వచ్చింది కేప్ కోస్ట్‌కే. 2019ని ప్రభుత్వం ‘తిరిగి రండి’ సంవత్సరంగా ప్రకటిస్తే అమెరికా, కరీబియన్ల నుంచి నల్లజాతివాళ్లు చాలామంది వచ్చారు. వచ్చినవాళ్లు అసిన్ మాన్సో దగ్గర ఏటికి కూడా వెళ్తారు. తీరానికి నడిపించే ముందు బందీలకు చివరి స్నానం చేయించింది అక్కడే.

సూటిమాట:

అందరూ యూరప్‌వాళ్లనే అంటున్నారు. పట్టుకుని అమ్మింది ఆఫ్రికా రాజులే కదా? అది కూడా రాయాలి.

పాతనాణెం:

రాయాల్సిందే సూటిమాట గారూ. అసాంటే రాజ్యం ఉత్తరాన డగోంబా, గొంజా రాజ్యాలను లొంగదీసుకుని కప్పంలో భాగంగా మనుషుల్ని తీసుకుంది. సలాగా పెద్ద బానిస సంత. ఈ విషయం ఘానాలో కూడా దాచరు, సలాగాలో చూపిస్తారు. ఉత్తరాదివాళ్ల మనసులో ఆ నొప్పి ఇంకా ఉంది.

అయితే క్రమం చూడండి. మొదట్లో ఈ తీరం బంగారం అమ్మేది. ఎల్మినాలో సరుకు మోయడానికి పోర్చుగీసువాళ్లే వేరేచోట్ల నుంచి బానిసల్ని ఇక్కడికి తెచ్చి అమ్మారు కూడా. బ్రెజిల్, కరీబియన్‌లలో చెరకు తోటలు పెరిగాక గిరాకీ మారింది, మనుషులకు బదులుగా తుపాకీ, మందుగుండు ఇచ్చారు. తుపాకీ ఉన్న రాజ్యం లేని రాజ్యాన్ని తినేస్తుంది. 18వ శతాబ్దానికి బంగారం కన్నా మనుషుల బేరమే పెద్దదైంది. అమ్మిన రాజుదీ తప్పే. కానీ ఓడ, తోట, గిరాకీ, ధర ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల బాధ్యత ఇంకా పెద్దది.

డెన్మార్క్ 1803లో, బ్రిటన్ 1807లో ఈ వ్యాపారాన్ని చట్టంతో ఆపాయి. ఆ తర్వాత తీరం పామాయిల్ వైపు తిరిగింది.

గ్రూప్స్_మళ్లీ:

థాంక్యూ సర్. అసాంటే గురించి ఇంకొంచెం చెప్పండి. బంగారు పీఠం కథ ఏంటి?

పాతనాణెం:

ఘానా చరిత్రలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

17వ శతాబ్దం చివర్లో కుమాసి చుట్టుపక్కల చిన్న రాజ్యాలు డెంకియిరా అనే పెద్ద రాజ్యానికి కప్పం కట్టేవి. ఒసెయ్ టుటు అనే రాజు, ఒకొంఫో అనోక్యే అనే పూజారి వాటిని ఒక్కటి చేశారు. అనోక్యే ఆకాశం నుంచి బంగారు పీఠాన్ని దింపితే అది ఒసెయ్ టుటు మోకాళ్ల మీద వచ్చి నిలిచిందని అసాంటేల నమ్మకం. ఆ పీఠంలో జాతి ప్రాణం ఉంటుంది. రాజు కూడా దాని మీద కూర్చోడు. నేలకు తగలనివ్వరు. 1701లో ఫెయియాసి యుద్ధంలో డెంకియిరాను ఓడించాక అసాంటే రాజ్యం వేగంగా పెరిగింది.

బ్రిటిష్‌వాళ్లతో పోరు దాదాపు ఒక శతాబ్దం నడిచింది. 1824లో గవర్నర్ మెకార్తీ యుద్ధంలోనే చనిపోయాడు. 1874లో వూల్స్‌లీ సైన్యం కుమాసిలోకి వచ్చి రాజభవనం దోచి ఊరు తగలబెట్టింది. 1896లో ప్రెంపే రాజును పట్టుకెళ్లి మొదట ఎల్మినాలో, తర్వాత సియెర్రా లియోన్‌లో, 1900లో సీషెల్స్ దీవుల్లో పెట్టారు.

రాజు లేని ఆ 1900లోనే గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసికి వచ్చి, బంగారు పీఠం ఎక్కడ, దాని మీద కూర్చునే హక్కు నాది, తెచ్చివ్వండి అన్నాడు. రాజే కూర్చోని పీఠం అది. ఎజిసు రాజమాత యా అసాంటెవా యుద్ధానికి నాయకత్వం వహించింది. కుమాసి కోటలో గవర్నర్‌ను చుట్టుముట్టారు. చివరికి బ్రిటిష్ సైన్యం గెలిచింది, ఆమెను కూడా సీషెల్స్‌కు పంపారు. 1921లో అక్కడే కన్నుమూసింది. పీఠం మాత్రం వాళ్లకు దొరకలేదు.

ప్రెంపే 1924లో తిరిగి వచ్చాడు. 1874లోనూ ఆ తర్వాతా పోయిన నగల్లో కొన్ని 2024లో కుమాసిలోని మన్హియా రాజభవనం మ్యూజియంకు వచ్చాయి. అమెరికాలోని ఫౌలర్ మ్యూజియం ఏడు వస్తువులు శాశ్వతంగా ఇచ్చేసింది. బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం మాత్రం 32 వస్తువుల్ని అరువుగా ఇచ్చాయి. దోచుకున్న సొత్తును సొంతదారుకే అరువివ్వడం న్యాయం అని నేను ఒప్పుకోలేను.

కొబ్బరిలో_కోకో:

అందరికీ నమస్తే అండి. మాది ఏలూరు జిల్లా. కొబ్బరిలో అంతరపంటగా కోకో వేస్తాం. 2024 వేసవిలో ఘానా, ఐవరీ కోస్ట్‌లో పంట పోయిందని మా దగ్గర కిలో వెయ్యి రూపాయల దాకా వెళ్లింది. తర్వాత పడిపోయి ఆందోళనలు చేయాల్సొచ్చింది. మా రేటు వాళ్ల వానల మీద ఆధారపడి ఉంటే ఆ దేశం గురించి మాకు తెలియకపోతే ఎలా? అక్కడ కోకో పెద్ద పెద్ద ఎస్టేట్లా, మనలా చిన్న రైతులా? గింజ ఎలా తయారు చేస్తారు?

అట్లాసు_పిచ్చి:

చాలా మంచి ప్రశ్న అడిగారండి. దాదాపు అంతా చిన్న రైతులే. దాని వెనక చరిత్ర ఉంది.

1897లో బ్రిటిష్ ప్రభుత్వం గోల్డ్ కోస్ట్ భూముల మీద పెత్తనం తన చేతిలోకి తీసుకునే బిల్లు తెచ్చింది. కేప్ కోస్ట్‌లో చదువుకున్నవాళ్లు, సంప్రదాయ పెద్దలు కలిసి ఆదివాసుల హక్కుల రక్షణ సంఘం పెట్టారు. ఇక్కడ ఎవరికీ చెందని భూమి అంటూ లేదు, ప్రతి అంగుళానికీ కుటుంబమో పీఠమో (అంటే ఊరి సంప్రదాయ పెద్దరికమో) యజమాని అని వాదించారు. లండన్ దాకా వెళ్లి వలస మంత్రి జోసెఫ్ చేంబర్లిన్‌ను కలిశారు. బిల్లు ఆగిపోయింది. కెన్యాలోలా తెల్లవాళ్ల ఎస్టేట్లు ఇక్కడ రాకపోవడానికి ఇది ముఖ్య కారణం. నా దృష్టిలో 1957 కన్నా ఈ గెలుపు తక్కువదేమీ కాదు.

కోకో మొక్క అమెరికా ఖండానిది. టెటే క్వార్షీ అనే కమ్మరి 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి కాయలు తెచ్చి అక్వాపిమ్ కొండల్లోని మాంపాంగ్‌లో నాటాడు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీలు అంతకుముందే ప్రయత్నించారు కానీ జనంలోకి వెళ్లింది ఈయన వల్లే. తర్వాత అక్వాపిమ్, క్రోబో రైతులు డబ్బు పోగేసుకుని, గుంపులుగా పడమటి అడవుల్లో భూములు కొని తోటలు వేశారు. 1911కల్లా గోల్డ్ కోస్ట్ ప్రపంచంలోనే మొదటి స్థానం. 1970ల దాకా అదే స్థానంలో ఉంది. 1937లో యూరప్ కంపెనీలు కుమ్మక్కై రేటు తొక్కితే, రైతులు నెలల తరబడి గింజ అమ్మడమే మానేశారు.

కౌలు పద్ధతి కూడా చెప్తాను. ‘అబుసా’లో తోట చూసుకునేవాడికి పంటలో మూడో వంతు. ‘అబును’లో సగం, భూమి ఒకరిది, మొక్క వేసి పెంచే కష్టం ఇంకొకరిది.

అక్రా_నుంచి:

రైతు గారూ, గింజ తయారీ నేను తూర్పు ప్రాంతంలో దగ్గర నుంచి చూశాను. కాయలు కోసి ఒకచోట కుప్ప పోస్తారు. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి కర్రతోనో కత్తితోనో పగలగొట్టి తెల్లటి గుజ్జుతో సహా గింజలు తీస్తారు. నేల మీద అరటి జాతి ఆకులు పరిచి గింజలు పోసి, పైన అవే ఆకులు కప్పి ఆరు రోజులు పులియనిస్తారు, మధ్యలో కుప్ప తిరగేస్తారు. ఆకు ఎత్తితే పులిసిన వాసన గుప్పున వస్తుంది, చెయ్యి పెడితే బాగా వేడి. తర్వాత నడుము ఎత్తు బల్లల మీద వెదురు చాపలు పరిచి వారం దాకా ఎండబెడతారు. చేత్తో కలుపుతూ నల్లబడినవి, మొలకెత్తినవి ఏరేస్తారు. ఘానా గింజకు మార్కెట్లో కొంచెం ఎక్కువ రేటు వచ్చేది ఈ ఓపిక వల్లే.

రేటు మాత్రం రైతు చేతిలో లేదు. 1947లో మొదలైన కోకో బోర్డు సీజన్‌కు ఒక రేటు ప్రకటిస్తుంది, లైసెన్సు ఉన్న కంపెనీలు కొంటాయి. బోర్డు పంటలో చాలా భాగం ముందే అమ్మేసుకుంటుంది. ధర పడినప్పుడు ఇది రైతుకు రక్ష. కానీ 2024లో ప్రపంచ ధర ఆకాశానికంటినప్పుడు అంతకుముందే తక్కువకు అమ్మేసి ఉండటంతో ఇక్కడి రైతుకు ఆ లాభం రాలేదు. చాలా గింజ దొంగచాటుగా టోగోకు, ఐవరీ కోస్ట్‌కు పోయింది. 2020-21లో పది లక్షల టన్నులు దాటిన పంట 2023-24లో సుమారు 5.3 లక్షల టన్నులకు పడింది. మీకు వెయ్యి రూపాయలు వచ్చిన ఆ వేసవిలో ఇక్కడి రైతు ఇంట్లో టెన్షనే.

కాలువ_ఇంజనీరు:

రిటైరైన ఇరిగేషన్ మనిషిని. వోల్టా గురించి ఎవరూ ఎత్తలేదేమిటా అని చూస్తున్నాను.

నల్ల వోల్టా, తెల్ల వోల్టా బుర్కినా ఫాసోలో పుట్టి ఘానాలో కలుస్తాయి. అకోసోంబో దగ్గర కొండల మధ్య ఇరుకు దారి ఉంది. అక్కడ ఆనకట్ట కట్టొచ్చని ఆల్బర్ట్ కిట్సన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1915లోనే గుర్తించాడు. కట్టింది 1961-65లో, స్వతంత్ర ఘానా మొదటి నాయకుడు క్వామే ఎన్‌క్రుమా హయాంలో. వెనక నిలిచిన సరస్సు 8,502 చదరపు కిలోమీటర్లు. నీరు పరచుకున్న వైశాల్యంలో మనిషి చేసిన సరస్సుల్లో ఇదే పెద్దది. నిల్వ సామర్థ్యం మన లెక్కలో చెప్పాలంటే సుమారు 5,200 టీఎంసీలు. నాగార్జునసాగర్ 312 టీఎంసీలు. ఊహించుకోండి.

దేశంలో దాదాపు మూడున్నర శాతం భూమి మునిగింది. సుమారు 80,000 మంది, 700కు పైగా ఊళ్లు. 52 పునరావాస కాలనీలు కట్టారు. ఇంటికి ఒక గది పూర్తిగా కట్టి, మిగతా గదులకు పునాది, కప్పు వేసి, మీరే పూర్తి చేసుకోండి అన్నారు. చాలామందికి చాలినంత సాగుభూమి దొరకలేదు. ముంపు అడవిలో చెట్లు కొట్టకుండానే నీళ్లు వదిలారు. ఆ మోడులు ఇప్పటికీ పడవల్ని చీలుస్తున్నాయి. నిలవనీటిలో నత్తల వల్ల మూత్రంలో రక్తం పడే జబ్బు పెరిగింది. దిగువన బాటోర్, సోగాకోపే వైపు ఆడవాళ్లు నదిలో మునిగి ఆల్చిప్పలు ఏరి బతికేవాళ్లు. వరద ఆగేసరికి ఆ బతుకు పోయింది.

కరెంటులో సింహభాగం మొదట టెమాలోని అమెరికన్ అల్యూమినియం ఫ్యాక్టరీకి చాలా తక్కువ రేటుకు పోయింది. ఘానాలో బాక్సైట్ ఉండగా ఫ్యాక్టరీ ముడిసరుకు బయటి నుంచి తెచ్చుకుంది. ఆ రేటు ఒప్పందాన్ని 1985లో గానీ తిరగరాయలేకపోయారు. ఆనకట్ట లేకుండా ఘానాకు వెలుగు లేదు, నిజమే. ముంపు బాధితుల లెక్క తేల్చకుండా దాన్ని గొప్ప ప్రాజెక్టు అనడానికి నాకు నోరు రాదు. 2023 అక్టోబరులో నీళ్లు ఎక్కువై గేట్లు ఎత్తితే మెపే, బాటోర్ ఊళ్లు మునిగి వేలమంది మళ్లీ ఇళ్లు వదిలారు.

సూటిమాట:

ఇంజనీరు గారూ, అందుకే ఎన్‌క్రుమాను హీరో అంటే నాకు నచ్చదు. 1958లో విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం తెచ్చాడు. తనను రాజకీయాల్లోకి పిలిచిన పార్టీ పెద్ద డాంక్వా 1965లో న్సవామ్ జైల్లో చనిపోయాడు. 1964లో ఒకే పార్టీ దేశం చేశాడు. 1966లో బీజింగ్‌లో ఉండగా సైన్యం దింపేస్తే అక్రా వీధుల్లో జనం సంబరాలు చేసుకున్నారు.

అట్లాసు_పిచ్చి:

మీరు చెప్పినవన్నీ నిజాలే. దాని పక్కన ఇవి కూడా పెట్టండి. 1948 ఫిబ్రవరి 28న రెండో ప్రపంచ యుద్ధపు మాజీ సైనికులు పింఛన్ల కోసం అర్జీ పట్టుకుని గవర్నర్ కోట వైపు నడిచారు. భారత్ మీదుగా బర్మా వెళ్లి కలదాన్ లోయలో జపాన్‌తో పోరాడి వచ్చిన వాళ్లు వాళ్లలో ఉన్నారు. పోలీసు అధికారి కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు: సార్జెంట్ అజెటే, కార్పొరల్ అటిపోయ్, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే. అక్రా తగలబడింది. మరుసటి ఏడాది ఎన్‌క్రుమా సొంత పార్టీ పెట్టాడు. 1951 ఎన్నికల్లో జైల్లో ఉండే గెలిచాడు. సహారాకు దిగువన వలస పాలన నుంచి బయటపడ్డ మొదటి నల్లజాతి దేశాన్ని నిలబెట్టాడు. ప్రాథమిక విద్య ఫీజు లేకుండా చేశాడు, టెమా రేవు కట్టాడు, నెహ్రూ, టిటో, నాసర్, సుకర్ణోలతో కలిసి అలీన ఉద్యమానికి రూపమిచ్చాడు. కోకో ధర కుప్పకూలడం కూడా ఆయన్ను దెబ్బ తీసింది. 1972లో రుమేనియాలో చనిపోయాడు. రెండు వైపులా రాస్తేనే మనిషి కనిపిస్తాడు.

అక్రా_నుంచి:

ఇక్కడ పెద్దవాళ్లను కదిలిస్తే ఎన్‌క్రుమా కన్నా 1983 గురించి ఎక్కువ చెబుతారు. వానల్లేవు, కార్చిచ్చులు, వోల్టా సరస్సు ఎండుముఖం పట్టింది. సరిగ్గా అప్పుడే నైజీరియా సుమారు పది లక్షల మంది ఘానావాళ్లను వెళ్లగొట్టింది. గళ్ల సంచుల్లో సామాను కుక్కుకుని వచ్చారు. ఆకలికి మెడ ఎముకలు బయటికొస్తే అప్పటి పాలకుడి పేరుతో ‘రాలింగ్స్ చైన్’ అనుకునేవారట. అంతకుముందు 1969లో ఘానా కూడా నైజీరియావాళ్లను అలాగే పంపేసింది, అది తక్కువమంది చెబుతారు.

అదే రాలింగ్స్ రెండుసార్లు తుపాకీతో వచ్చి, 1992 రాజ్యాంగం కింద ఎన్నికల్లో గెలిచి, గడువు కాగానే దిగిపోయాడు. అప్పటి నుంచి అధికారం పార్టీ నుంచి పార్టీకి ఓట్లతోనే మారుతోంది. చుట్టుపక్కల దేశాలు చూస్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

గ్రూప్స్_మళ్లీ:

అట్లాసు సర్, ఉత్తరం మనుషుల్ని ఇచ్చింది అన్నారు కదా. అది కొంచెం వివరించరా?

అట్లాసు_పిచ్చి:

రైలు పటం చూడమ్మా. సెకొండి నుంచి టార్క్వా బంగారు గనులకు 1901లో, కుమాసికి 1903లో రైలు వేశారు. బంగారం, కోకో ఉన్నచోటికే పట్టాలు. కుమాసి దాటి ఉత్తరానికి వెళ్లనే లేదు. బ్రిటిష్‌వాళ్లు ఉత్తరాన్ని వేరే రక్షిత ప్రాంతంగా ఉంచి బడులు కూడా సరిగా పెట్టలేదు. గనులకు, కోకో తోటలకు, సైన్యానికి కూలీలు మాత్రం అక్కడి నుంచే.

ఈమధ్య భారత్ ఇచ్చిన అప్పుతో టెమా నుంచి వోల్టా దాటి మ్పకడాన్ దాకా 97 కిలోమీటర్ల రైలు మార్గం వచ్చింది. సరుకును అక్కడి నుంచి సరస్సు మీద పడవల్లో ఉత్తరానికి చేర్చాలన్నది ఆలోచన. అది నడిస్తే పటం కొంచెం మారుతుంది.

అక్రా_నుంచి:

ఆ తేడా ఇక్కడ అక్రాలోని మకోలా మార్కెట్లో రోజూ కనిపిస్తుంది. ఉత్తరం నుంచి వచ్చిన అమ్మాయిలు పెద్ద అల్యూమినియం బేసిన్ నెత్తిన పెట్టుకుని సామాన్లు మోస్తారు. ‘కయాయే’ అంటారు. కొందరి వీపున పసిపిల్లలు కూడా. టమాలే వైపు ఒకే వానాకాలం కాబట్టి ఎండాకాలమంతా పనుండదు, బస్సెక్కి వచ్చేస్తారు.

భీమిలి_బీచ్:

తూర్పు సరిహద్దు గురించి ఒక్క మాట. టోగో రాజధాని లోమే సరిగ్గా ఘానా గీత మీదే ఉంది. వీధి దాటితే అఫ్లావో. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ టోగోను బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి. బ్రిటిష్ వాటా 1956 ప్రజాభిప్రాయ సేకరణలో 58 శాతం ఓట్లతో గోల్డ్ కోస్ట్‌లో కలిసింది. కానీ దక్షిణాన ఎవే జనం ఎక్కువున్న హో, క్పాండో వైపు చాలామంది వద్దన్నారు. ఎవేలు రెండు దేశాల్లోనూ మిగిలిపోయారు. 2020లో కూడా అక్కడ వేర్పాటు గొడవ జరిగింది.

కొబ్బరిలో_కోకో:

అన్నీ చదివానండి. చాలా తెలిసింది. ఆఖరుగా ఒకటి అడుగుతాను: అక్కడ పంట ఒక్కసారిగా అంత పడిపోవడానికి కారణం వానలేనా? మళ్లీ కోలుకుంటుందా?

అక్రా_నుంచి:

వానలొక్కటే కాదండి. చెట్లు ముసలివైపోయాయి. కొమ్మలు ఉబ్బి చెట్టు చచ్చిపోయే వైరస్ తెగులు ఉంది, పిండినల్లి మోసుకొస్తుంది. మందు లేదు, చెట్టు నరికి కొత్తది నాటాల్సిందే. కొత్తది కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కాబట్టి రైతు వెనకాడతాడు. అప్పుడే బంగారం తవ్వేవాళ్లు వచ్చి ఏళ్ల తరబడి కోకో ఇవ్వని డబ్బు ఒక్కసారి చేతిలో పెడతామంటారు. దీన్నే ఇక్కడ గలాంసే అంటారు, లైసెన్సు లేని తవ్వకం. ఎక్స్‌కవేటర్లతో తోట తిరగేస్తారు, పాదరసం వాడతారు. ప్రా, ఆఫిన్, అంకోబ్రా, బిరిమ్ నదులు పాల టీ రంగులో పారుతున్నాయి. 2024లో కేప్ కోస్ట్‌కు నీళ్లిచ్చే ప్లాంటులో బురద 14,000 ఎన్‌టీయూ (నీటి మురికిని కొలిచే లెక్క) వచ్చింది. ప్లాంటు తట్టుకోగలిగింది 2,000 మాత్రమే, సరఫరా బాగా తగ్గించేశారు.

తవ్విన తోటలో మళ్లీ కోకో వేయాలంటే ముందు గుంతలు పూడ్చి, పైమట్టి తెచ్చి పోయాలి. నేను చూసినచోట ఆ పని మొదలుపెట్టినవాళ్లు చాలా తక్కువ. తెగులు చెట్లు నరికి కొత్త మొక్కలు నాటే పని పశ్చిమ ఉత్తర ప్రాంతంలో ప్రభుత్వం చేయిస్తోంది. అవి పూర్తి కాపుకొచ్చేదాకా ఇక్కడి దిగుబడి ఊగుతూనే ఉంటుంది. మీరు గింజ అమ్ముకునే ముందు ఇక్కడి అక్టోబరు పంట వార్తలు ఒకసారి చూసుకోండి, పెద్ద పంట అప్పుడే మొదలవుతుంది. నేను ఈ థ్రెడ్‌లోనే పెడుతుంటాను.